విత్తనానికి వదిలిన చుక్కకూర

"ఆ బస్తాల్లో ఉన్నది మట్టే కదేటి, నాన్నమ్మా! వీధి సివర గోడకి మట్టి గావాల."

"మట్టి కాదే, ఇత్తనం. నీ కళ్లకి మట్టే అవుపిస్తంది."

"ట్రక్కులొచ్చీ యేల ఇత్తనాలేటి నీకు?"

"ట్రక్కులొస్తే అన్నం తినడం మానేస్తావేటి?"

"పులుపు గావాలంటే బజార్లో చిన్‌బౌ లేదేటి! కట్టలు కట్టలు."

"అది గోంగూరే. ఇది సుక్కకూర. ముందు ఆ తేడా తెలుసుకో, తరవాత దేశాన్ని బాగుసేద్దువు గాని."

నా మనవరాలు పెరటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఆ పిల్లకి నా మొండితనమే వచ్చింది. బర్మాలో సైన్యం గద్దెనెక్కిన ఆ వేసవి మొదట్లో మా పేట సంచౌంగ్‌లో ప్రతి సందు చివరా గోడలు లేచాయి. సైన్యం ట్రక్కులు లోపలికి రాకుండా వెదురు బొంగులు, ఇసుక బస్తాలు, పాత బల్లలు, ఏది దొరికితే అది అడ్డం పెడుతున్నారు. ఇసుక అయిపోయింది. మా పెరట్లో బియ్యం బస్తాలలో మట్టి ఉంది. అందులో మా చుక్కకూర విత్తనానికి నిలబడి ఉంది.

ఆ విత్తనం మా అత్తగారు గంజాం వైపు నుంచి వస్తూ కొంగున ముడేసుకుని తెచ్చింది. చలికాలం వేసుకుని, నాలుగు మొక్కలను కోయకుండా వదిలేస్తే పూస్తాయి. గుత్తులు ఎర్రబడి, కాగితంలా ఎండాక దులుపుకోవాలి. ఎండకుండా కోస్తే మొలవవని ఆవిడ మాట. ఈ దేశం తలుపులు మూసుకున్న రోజుల్లో మనిషికీ ఉత్తరానికీ దారి లేకపోయినా ఆ కూర మా ఇంట తప్పలేదు. పోయినేటి విత్తనాల సీసాకి వానల్లో బూజు పట్టింది. దేశదేశాలా పాకిన అంటుజబ్బు వల్ల విమానాలు నిలిచిపోయాయి. ఇది పోతే మళ్లీ తెప్పించుకునే దారి లేదు. కింది గుత్తులు ఎండుతున్నాయి, పైవి ఇంకా పచ్చి.

"అవి ఎండీదాకా ఆగమను," అన్నాను.

"ఎవరినాగమంటావు? సైన్యాన్నా?"

దాన్ని తిట్టాను.

అప్పుడే ఎదురింటి బర్మా ఆవిడ తన పూలకుండీ ఒకటి చంకనెత్తుకుని సందు చివరికి పోతూ కనబడింది. వెనక ఆవిడ కొడుకు మరో రెండు మోస్తున్నాడు. బుద్ధుడి ముందు పెట్టే పూలు ఆవిడ వాటిలోనే పెంచుకునేది. మొక్కలతో సహా గోడలో పెట్టేస్తోంది.

"సూసినావా?" అంది మనవరాలు.

"సూసినాను. మొక్కల్తో సహా! అంత దుబారా నేను సెయ్యను. కత్తిపీట పక్కన పురికొసుంది, తే."

వేళ్లు తెగకుండా ఒక్కొక్క మొక్కనే పీకాను. మట్టి దులిపాను. కట్టలు కట్టి, వంటింటి దండేనికి తలకిందులుగా వేలాడదీశాను. కాడలో ఉన్న సత్తువ గింజలోకి దిగుతుందేమో చూద్దామనుకున్నాను. అదెంతవరకు నిజమో నాకు తెలియదు. మనవరాలు బస్తాల మూతులు కుట్టింది. కుట్లు దూరం దూరంగా వేసింది. విప్పించి మళ్లీ కుట్టించాను.

"పోయీ మట్టే కదేటి, ఇన్ని కుట్లెందుకు?"

"బస్తా నాది."

బస్తాలు గోడకెక్కిన మర్నాడు తెల్లవారగానే ట్రక్కులు వచ్చాయి. గోడ దగ్గర ఎవరూ లేరు. ఇంటికొకరు వచ్చి అడ్డం తీసేయాలని మైకులో చెప్పారు. మనవరాలు లేచింది.

"కూకో. ముసిల్దాన్నెవడు సూస్తాడు."

నేనే వెళ్లాను. మా బస్తాలను కుట్టును బట్టి గుర్తుపట్టాను. అన్నీ కాలవలో పారబోయమన్నాడు సిపాయి. ఇది మా కూరమడి మట్టి, ఇంటికి తీసుకుపోతానని బర్మా భాషలో చెప్పాను. అతను చెయ్యి విసిరి అటు తిరిగాడు. బస్తా ఎత్తలేక, మట్టిని బేసిన్‌తో మోసుకొచ్చాను. ఎదురింటావిడ పగిలిన కుండీల్లోంచి మొక్కలు ఏరుకుంటోంది.

ఇంటికొచ్చేసరికి మనవరాలు కట్టల కింద చేట పెట్టి కూర్చుని ఉంది. ఎండిన గుత్తులు వాటంతట అవే రాలాయి. పచ్చివి కాడకే ఉన్నాయి. రాలినవాటిని నలిపి, ఊది, గింజలు సీసాలో పోసింది. అడుగు మాత్రమే నిండింది. మూత నేను బిగించాను. ఆమె బేసిన్ తీసుకుని, మట్టిని పెరట్లో పోయడానికి వెళ్లింది.