మామ చెయ్యి పెట్టి చూసిన డ్రమ్ము

మొన్న గుంతకల్లులో మా అన్న కూతురు తన ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, ఏదో మందుల ఫ్యాక్టరీ మిక్సర్‌లో పొడులు ఎలా కలుస్తాయో చూడమంది. తెర మీద డ్రమ్ము తిరుగుతోంది, ఎర్ర గింజలూ తెల్ల గింజలూ దొర్లుతున్నాయి. "ఎంత బాగా కలిసిపోయినాయో చూడత్తా" అని ఆ పిల్ల మురిసిపోతుంటే నాకు పాత దాణా మిల్లు డ్రమ్ము గుర్తొచ్చింది. ఆ సంగతి తనకు చెప్పేది కాదు, మీకు చెబుతాను. మీరైతే నా ఈడువాళ్లు, ఆ కరువు సంవత్సరాలు చూసినవాళ్లు.

ఇంజినీరింగ్ పూర్తయిన ఏడాదే, మా మేనమామ మిక్సర్ నడిపే దాణా మిల్లులో నాకు ఉద్యోగం దొరికింది. శింగనమల వైపు కరువు పశువుల క్యాంపుకు దాణా మేమే పంపేవాళ్లం. వేరుశనగ పొట్టు, తవుడు, వాటిలో కొద్దిగా యూరియా. ఆ కొద్దిపాటి యూరియా పశువుకు బలం, ఒకేచోట ఎక్కువ పడితే ప్రాణం తీస్తుంది. అందుకే మామ ప్రతిసారీ డ్రమ్ము ఆపి, భుజం దాకా చెయ్యి పెట్టి, నడిమధ్య నుంచి పిడికెడు తీసి చూసేవాడు. తెల్లగా కనిపిస్తే కర్రతో కెలికి మళ్లీ తిప్పేవాడు. మేనేజరుకు అది ఆలస్యంగా తోచి, ఎంతసేపు తిప్పితే చాలో సాయంత్రానికల్లా కంప్యూటర్‌లో తేల్చమని నాకు పురమాయించాడు.

అప్పటి కంప్యూటర్ సంగతి మీకు తెలుసు. పొట్టుకూ యూరియాకూ అసలు సైజులు ఇస్తే లెక్క తేలడానికి నాలుగు రోజులు పడుతుంది. అంత ఓపిక లేక అన్నిటినీ ఒకే సైజు గుండ్రటి గింజలుగా పెట్టేశాను. పది నిమిషాల్లో కలిసిపోతాయని వచ్చింది, గొప్పగా మామను పిలిచి చూపించాను.

"తప్పు పాపా. యూరియా సన్నంగా ఉండాది, జారి నడిమధ్యకు చేరుకుంటాది. పొట్టు పైపైన పొర్లుతాది. నువ్వు రెండిటినీ ఒకటే మాదిరి చేసినావు."

నేను నవ్వేశాను, చదువుకున్నదాన్ని కదా! పది నిమిషాలు చాలని రాసిచ్చాను, చెయ్యి పెట్టి చూడడం మాన్పించారు. బస్తాలు లారీకెక్కుతుంటే మామ గేటు దగ్గర నిలబడి ఒక్కో బస్తానూ చూస్తూ ఉండిపోయాడు. ఆయన మొహం చూసి నా మనసు కీడు శంకించింది, అయినా పరువు అడ్డమొచ్చి లారీని ఆపమనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం క్యాంపు నుంచి ఫోన్ వచ్చింది. మేం వెళ్లేసరికి దాణా తిన్న పశువులు వణుకుతూ, పొట్టలుబ్బి, ఒకటొకటిగా కూలబడుతున్నాయి. ఆడవాళ్లు విరుగుడుగా చింతపండు నీళ్లు వాటి గొంతుల్లో పోస్తున్నారు. పదకొండు చచ్చిపోయాయి. వాటిలో మామ ఆవు ఒకటి, ఇంట్లో మేత లేక అక్కడ కట్టేసినది. డ్రమ్ము ఖాళీ చేసేటప్పుడు నడిమధ్య చేరిన యూరియా అంతా చివరి బస్తాల్లోకి దిగింది.

తిరిగొచ్చి అసలు సైజులతో ఆ నాలుగు రోజులూ కంప్యూటర్‌ను నడిపాను. తెల్ల గింజలు మామ చెప్పిన చోటే ముద్దకట్టాయి. ఆయన కాళ్లు పట్టుకుని, ఇకమీద మునుపటిలా చెయ్యి పెట్టి చూడమనీ, నా లెక్క తప్పయితే చెప్పమనీ బతిమాలాను.

"చూస్తాలే పాపా. చెప్పేదానికి నీ మిషన్ ఉండాది గదా" అన్నాడు, కోపం లేకుండానే.

చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాడు, నాతో మాత్రం నా లెక్కల మంచీ చెడూ మళ్లీ మాట్లాడలేదు. ఇప్పటి యంత్రాలు గింజ గింజకూ దాని ఆకారమిచ్చినా టీ తాగేలోపు లెక్క తేల్చేస్తాయట, సంతోషమే. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నేను ఎన్నో లెక్కలు కట్టాను, ఎన్ని తప్పులు చేశానో తెలియదు. "తప్పు పాపా" అని మొహం మీద చెప్పిన మనిషి మళ్లీ ఎదురుపడలేదు.