ఉప్పుకుండ ఉన్న చోటు

ఏడేళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా ఉంది. రోజూ డైరీ రాసుకుంటాను, అందులో కూడా రాయలేదు. మీరు నన్నెరుగరు. అందుకే మీతో చెప్పగలను.

కర్నూలు రాజధాని అయిన ఏడు నాకు పదమూడేళ్లు. ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూల్లో చదువుకోవాలని నా ఆశ. జేజి సరేనంటే చాలన్నాడు నాయన. జేజి, అంటే నాయన తల్లి, సరేననే మనిషి కాదు. కాపురానికి వచ్చిననాడు పొయ్యికి ఎడమపక్కన పెట్టిన ఉప్పుకుండను ఎవరినీ జరపనిచ్చేది కాదు. చూపు మసకబారినా చెయ్యి నేరుగా దానిలోకే పోయేది.

ఒకరోజు పొయ్యి అలుకుతూ కుండను కుడిపక్కన పెట్టి మరిచాను. ఎసరు పెట్టిన జేజి చెయ్యి ఎడమవైపు గాలిలో తడుముకుంది.

"ఉప్పు యాడ పెట్టినావుమే?"

తిడుతుందని భయపడి కుడివైపు చూపించాను. "ఎప్పుడూ ఈ పక్కనే కదా జేజీ ఉండేది."

ఆమె తిట్టలేదు. తన చేతిని, అది ఇంకెవరిదో అన్నట్టు, చాలాసేపు చూసుకుంది. అయినా నేను కుండను తిరిగి జరపలేదు. ఎందుకు జరపలేదు? ఆమెను నమ్మించొచ్చని అప్పటికే నాకు తెలిసిపోయిందా?

కొన్నాళ్లకు జేజితో అన్నాను. "నంద్యాలకు పొమ్మని నిన్న నువ్వే అంటివి కదా."

"నేనా?" ఆమె కుండవైపు చూసింది. "అనింటాలే. పో."

నాయనతో ఆ మాట తనదిగానే చెప్పింది. ఆడపిల్ల ఎందుకు చదవాలో కారణాలు కూడా చెప్పింది, నేనెన్నడూ ఆమెకు చెప్పనివి. గోడ వెనక నిలబడి అంతా విన్నాను.

సెలవులకు వచ్చేసరికి జేజి ఎవరేం చెప్పినా నమ్మే మనిషైంది. తిన్నానా అని అడిగేది. తిన్నావంటే తిన్నట్టే. బిగుసుకున్న మనసు ముసలితనంలో ఇట్లాగే వదులవుతుందన్నారు అందరూ. కావచ్చు. అందులో వయసు చేసిందెంత, నేను చేసిందెంత? ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఎవరూ చూడకుండా కుండను మళ్లీ ఎడమపక్కకు జరిపాను. జేజి చెయ్యి కుడివైపు పోయింది. ఎన్నటికీ మారదనుకున్న మనిషి, నా అబద్ధాన్ని చేతితో సహా నేర్చుకుంది. ఖాళీ తగిలాక, నేను నోరు తెరవకముందే నవ్వింది.

"ఎప్పుడూ ఆ పక్కనే కదా పాపా. నేనే మర్సిపోయినా."

ఊఁ అన్నాను.

మరుసటి ఎండాకాలం ఆమె పోయింది. ఇక్కడ మేనత్త ఇంట్లో ఉప్పు గూట్లో ఉంటుంది. అయినా వంట చేసేటప్పుడు నా చెయ్యి దానంతటది పొయ్యికి ఎడమకు పోతుంది. తర్వాత కుడికి.

రెండు మాటలు రాయడానికే ఇదంతా. ఉప్పుకుండ ఎడమపక్కనే ఉండేది. జేజి నన్ను పొమ్మనలేదు.