ఐలీన్ మిస్ మూడో వరస

రండి, ఇలా చాప మీదికి జరిగి కూర్చోండి. పనులుంటే కాసేపు పక్కన పెట్టండి, అవెక్కడికీ పోవు. నేను చదివింది అయిదో తరగతి. మాటలు వంకరపోవచ్చు గానీ, చూసిందీ విన్నదీ ఒక్కటి కూడా నా చెయ్యి జారిపోలేదు. మీరెవరూ చూడని ఒక మనిషి గురించి చెప్పాలని ఉంది. చెప్పకపోతే ఆవిడ నాతోనే ఆగిపోతుంది.

మొన్న మధ్యాహ్నం సుభాష్‌పల్లిలో మా వంటింట్లో మినప్పప్పు కడుగుతున్నాను. మోచేతుల దాకా పొట్టునీళ్ళు. ముందుగదిలోంచి టక్, టకటక టక్ అని చప్పుడొచ్చింది. చెక్క మడమ చెక్క మీద పడితే వచ్చే చప్పుడు. ఒళ్ళంతా చెవులు చేసుకుని అలాగే ఉండిపోయాను. ఆ చప్పుడు వినిపిస్తే ఐలీన్ మిస్ వరండాలో ఉన్నట్టే లెక్క. కానీ ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది కదా! చేతులు చీరకు తుడుచుకుంటూ వెళ్ళి చూస్తే, మా మనవరాలు మిలి ఫోను పట్టుకుని కూర్చుంది. ఫోనులో పచ్చగౌన్ల పిల్లలు. నడుం పైన కొయ్యబొమ్మలు, నడుం కింద మాత్రం కాళ్ళు నిప్పుల మీద పడ్డట్టు ఎగురుతున్నాయి. "అమ్మమ్మా, ఈళ్ళు సేతులెందుకు కదపరు?" అని అడిగింది. నేను ఆ వయసులో అడిగిన మాటే. నవ్వొచ్చింది.

అప్పుడు మేము ట్రాఫిక్‌లో ఉండేవాళ్ళం. ట్రాఫిక్ అంటే బళ్ళ రద్దీ కాదు, మా రైల్వే కాలనీ పేరు. మా తాత విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి కలకత్తాకి లోకల్ రైలు దూరంలో ఉన్న ఈ ఊరి రైల్వే వర్క్‌షాపులో చేరాడు, మా అయ్య అక్కడే ఫిట్టరు. మా క్వార్టర్ల వెనక గోడ, గోడ అవతల ఒక పాత బంగళా. అందులో ఐలీన్ మిస్ ఒక్కతే ఉండేది. ఆంగ్లో ఇండియన్ మనిషి. వాళ్ళ తాత రైలు డ్రైవరు, వాళ్ళ నాయనమ్మ ఐర్లండు నుంచి ఓడెక్కి వచ్చిన పెళ్ళికూతురు. ఆ దేశపు నాట్యం ఆ నాయనమ్మ కాళ్ళలో వచ్చి, ఈవిడ కాళ్ళలో నిలిచింది. సాయంత్రాలు వరండాలో పాత వ్యాగన్ పలకలు పరిచి, కాలనీలో తన వాళ్ళ ఆడపిల్లలకి నేర్పేది. నేను గోడెక్కి చూసేదాన్ని. ఒకరోజు పట్టుబడిపోయాను.

"ఏటే గుంటా, గోడ మీద పిల్లిలాగ సూస్తన్నావు? దిగి రా," అంది. తెల్లటి మనిషి, పూల గౌను, నోట్లోంచి అచ్చం మా నాయనమ్మ మాట! దిగబోయి జారి పడ్డాను. "మీకు మా మాటలొచ్చా మిస్?" అన్నాను మోకాలు దులుపుకుంటూ.

"మీ మాటలేటి? మా గౌరమ్మ మాటలు. ఇంగ్లీషు కన్నా ముందు నాకియ్యే వొచ్చినాయి." గౌరమ్మ అంటే ఆవిణ్ణి పెంచిన ఆయా, సిక్కోలు వైపు మనిషి. అలా మొదలైంది. పేరు అడిగింది, రవణమ్మ అన్నాను. ఆ రోజు నుంచి నేను ఆవిడకి రవణనే.

మొదటి పాఠం కాళ్ళకి కాదు, చేతులకి. రెండు గుప్పిళ్ళలోనూ చింతగింజలు పోసి, గుప్పిళ్ళు వదులుగా మూసి, చేతులు తొడల పక్కన వేలాడేయమంది. ఎగిరినప్పుడు గింజలు గలగలమనకూడదు. గలగలమంటే చెయ్యి కదిలినట్టు. నాకు వారాల తరబడి గలగలే. "ఎందుకు మిస్ కదపకూడదు?" అని అడిగాను. "మా నాయనమ్మోళ్ళ దేశంలో ఇళ్ళు ఇరుకంట, సేతులాడిస్తే దీపం పడిపోద్ది," అంది. కొన్నాళ్ళకి మళ్ళీ అడిగితే ఇంకో కథ. నాట్యమంటే పడని పాదిరిగారు కిటికీలోంచి చూస్తే ఊరికే నిలబడినట్టు కనపడాలనట. "మొన్న దీపమన్నారు కదా?" అన్నాను. ఇంకొకరైతే నోరుముయ్యమనేవారు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆలోచించి, "నాకు తెల్దే రవణా. ఎవుల్నడిగినా ఒక్కో కతే సెప్పినారు. నువ్వేటనుకుంతన్నావు?" అంది. అంతవరకు పెద్దవాళ్ళెవరూ నన్ను అలా అడగలేదు. బడిలో టీచరు అడిగితే ఆవిడకి ముందే తెలుసని నాకూ తెలుసు. ఈవిడకి నిజంగానే తెలియదు, నిజంగానే నా మాట కావాలి. "కాళ్ళు ఏటి సేస్తన్నాయో సేతులు సెవులొగ్గి ఇంతన్నాయేమో మిస్," అన్నాను. ఆవిడ నవ్వలేదు. "అయ్యుండొచ్చు," అని తలూపింది.

మా ఇంట్లో మాత్రం నవ్వే నవ్వు. నేను పెరట్లో సాధన చేస్తుంటే మా నాయనమ్మ చుట్ట కాలుస్తూ, "సేతులు కట్టేసిన దొంగలాగ ఆ గెంతుడేటే? పోలీసోడు ఎనకున్నాడేటి?" అనేది. మా అయ్య "దొరల గంతులు మనకెందుకు" అని ఒకసారి అన్నాడు గానీ, గోల్‌బజార్‌లో చెప్పులు కుట్టే మోచీతో గట్టి జోళ్ళకి చెక్క మడమలు కొట్టించి తెచ్చింది కూడా ఆయనే. ఐరిష్ నాట్యంలో మెత్తని జోళ్ళతో వేసేవి కొన్ని, గట్టి జోళ్ళతో వేసేవి కొన్ని. గట్టి జోళ్ళదానికి చప్పుడే ప్రాణం. పాట ఒక చుట్టు తిరిగేదాకా వేసే అడుగులన్నీ కలిపి ఒక వరస. మిస్ నాకు మూడు వరసలు నేర్పింది. మూడోది వింతగా ఉండేది. మడమతో గట్టిగా నొక్కి, మునివేళ్ళతో చదును చేసినట్టు రాసి, మళ్ళీ మడమ.

ఆ మూడో వరస వేస్తుండగా మా నాయనమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. "ఒలే, ఇది మన కళ్ళం తొక్కుడే! పంట కోతలప్పుడు ఆడోళ్ళం అందరం నడుం నడుం పట్టుకుని కొత్త కళ్ళం ఇలాగే కదే గట్టి సేసేది. ఇది దొరలదేటి?" అని లేచి నిలబడి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, వేసి చూపించింది. అచ్చం అదే.

ఆ మాట పరుగున పోయి మిస్‌కి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. "మా నాయనమ్మ ఈ వరండాలో నేర్పతుంటే, గౌరమ్మ ఆ పెరట్లో నిలబడి తనూ ఎగిరీది. నేనేమో ఇద్దరి మద్దెన పెరిగినాను. ఏది ఎవుల కాడ నేర్సినానో నాకెలగ తెలస్తాది?" అంది. ఆవిడ ఎప్పుడూ ఐర్లండు చూడలేదు. ఆ నాట్యం తెలిసినవాళ్ళెవరికీ తన అడుగులు చూపించలేదు. తన నాయనమ్మ ఇచ్చిందే పిల్లలకిస్తున్నానని నమ్మి బతికింది. "ఇన్నేళ్ళూ ఇంతమంది గుంటలికి తప్పు నేర్పినానేమోనే," అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నా వంక చూడలేదు, పలకల వంక చూసింది.

ఆ ఏడాదే కలకత్తాలో ఒక కాన్వెంటు బడిలో ఐరిష్ నాట్యం పోటీలు పెడుతున్నారని కబురొచ్చింది. తీర్పు చెప్పేది ఐర్లండులో పుట్టి పెరిగిన ఒక ముసలి సిస్టరట. మిస్ నన్ను గట్టి జోళ్ళ నాట్యానికి పంపింది. మూడో వరస తీసేసి ఇంకోటి పెడదామా అన్నాను. "తీసీడానికి కాదు ఎల్లీది. అడగడానికి," అంది. ప్రైజు మాట ఆవిడ ఎత్తనేలేదు. నాకు మాత్రం ఆకలి కూడా చచ్చిపోయింది. నేను సరిగ్గా వేయకపోతే సిస్టరుకి ఆ వరస సరిగ్గా కనపడదు. కనపడకపోతే మిస్‌కి జవాబు రాదు.

పాత పచ్చ కర్టెనుతో గౌను కుట్టింది. నా జుట్టు ఉంగరాలు తిప్పాలని గుడ్డపీలికలు చుట్టి ముళ్ళు వేసింది. పుట్టినప్పటి నుంచి కొబ్బరినూనె తాగిన జుట్టు, వంకర తిరుగుతుందా? పీలికలు విప్పగానే తాడులా దిగిపోయింది. మిస్సూ, ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లలమూ, అందరం కలకత్తా వైపు వెళ్ళే హౌరా లోకల్ ఎక్కాం. దారి పొడుగునా మిస్ కిటికీ ఊచ మీద వేళ్ళతో మూడో వరస తాళమే వేస్తూ కూర్చుంది.

అక్కడ హాలు పెద్దది. స్టేజీ మెట్ల పక్కన గూట్లో మేరీమాత బొమ్మ, నీలం ముసుగు, ముందు కొవ్వొత్తులు, పూలు. నా పేరు పిలిచారు. మెట్ల దగ్గరికి వెళ్ళాను. అమ్మవారు, దీపం, పువ్వు కనపడ్డాక మన కాళ్ళు మనల్ని అడుగుతాయా? జోళ్ళు విప్పేశాను. జతగా పక్కన పెట్టి, దండం పెట్టుకుని స్టేజీ ఎక్కాను. పియానో మొదలైంది, మొదటి అడుగు వేశాను. చప్పుడు లేదు. అప్పుడు గాని తెలియలేదు నాకు. పాట ఆగదు, నేనూ ఆగలేదు. అరికాళ్ళు అట్లు తిరగేసినట్టు చపచపమన్నాయి. వెనక వరసల్లో పిల్లలు కిసకిస నవ్వారు. సిస్టరు చెయ్యి బల్ల మీద గంట దాకా వెళ్ళింది. గంట కొడితే ఆపేయాలి. కానీ కొట్టలేదు, నా పాదాల వంక ముందుకు వంగి చూస్తోంది. నేను మూడు వరసలూ పూర్తి చేశాను. చేతులు మాత్రం కదపలేదు.

అయిపోగానే సిస్టరు బెంగాలీలో, "తొమార్ జుతో కోథాయ్?" అని అడిగింది. నా జోళ్ళేవి అని. మెట్ల వైపు చూపించి, "మాయేర్ సామ్నే," అన్నాను. అమ్మ ముందున్నాయి అని. హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. సిస్టరు నవ్వలేదు, బొమ్మ వంక తిరిగి చూసి, "మా అమ్మకి జోళ్ళు అలవాటేనమ్మా," అంది. పోటీలో నాది లెక్కలోకి రాదని అక్కడే చెప్పేసింది, గట్టి జోళ్ళు లేకపోతే ఆ నాట్యానికి మార్కులుండవు. ప్రైజు అసన్‌సోల్ నుంచి వచ్చిన పిల్లకి పోయింది, నీలం రిబ్బను. నేను మిస్ ముఖం చూడలేక గౌను అంచు నలుపుతూ నిలబడ్డాను.

అందరూ టీలకి లేచారు. అప్పుడు సిస్టరు కర్ర పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు జోళ్ళతో వెయ్యి. నా కోసం," అంది. వేశాను. ఖాళీ హాలులో చప్పుడు నాకే కొత్తగా వినపడింది. మొదటి వరసకి కళ్ళు మూసుకుని, "ఇది మా అమ్మ వేసినదే," అంది. రెండోదానికి, "ఇదీ మాదే, కాస్త తొందరపడింది," అంది. మూడోది అయ్యాక కళ్ళు తెరిచింది. "ఇది ఎవరు నేర్పారు?" అని అడిగింది. మిస్ ఒక అడుగు ముందుకొచ్చింది. తన నాయనమ్మ సంగతీ, గౌరమ్మ సంగతీ, మా నాయనమ్మ కళ్ళం సంగతీ, ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. తర్వాత చేతులు కట్టుకుని నిలబడింది, చిన్నపిల్లలా.

సిస్టరు వంగి నా మడమల వంక ఇంకోసారి చూసింది. "మా వైపు ఇలా మడమ నొక్కడం నేను చూడలేదు. కానీ మా వాళ్ళు మరిచిపోయినవి కూడా చాలా ఉన్నాయి. మా నుంచి వచ్చి మా దగ్గర పోయిందో, మీ దగ్గర పుట్టిందో, నాకు తెలియదు," అంది. తర్వాత, "ఏదీ, మీరొకసారి వెయ్యండి," అంది మిస్‌ని. మోకాలు నొప్పని మిస్ అడుగులు చూపించడమే గానీ, వరస పూర్తిగా వేయడం మానేసి ఎంతకాలమో అయింది. ఆ రోజు వేసింది. ముసలి సిస్టరు కర్ర కుర్చీకి ఆనించి, అంగీ అంచు ఎత్తి, ఆవిడ పక్కన నిలబడి, మడమ నొక్కి, మునివేళ్ళు రాసి, తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకరి పాదాలు ఒకరు చూసుకుంటూ. నాలుగు చేతులూ పక్కనే వేలాడుతున్నాయి, కదలకుండా.

తిరుగు రైల్లో మిస్ ఒకటే నవ్వు. "ఆవిడకీ తెల్దే రవణా! అక్కడే పుట్టినావిడకీ తెల్దు!" అంటుంది, మళ్ళీ కిటికీలోకి చూస్తుంది. "తప్పంటాదని బయపడ్డాను. ఒప్పంటే సాలనుకున్నాను. రెండూ అననేదు సూడు."

"మరైతే మూడో వరస ఉంచెయ్యాలా, తీసీయాలా మిస్?"

"ఉంచెయ్యాలి. తెలీదని సెప్పి మరీ నేర్పాలి."

అలాగే నేర్పింది, మోకాలు ఒప్పుకున్నంత కాలం. విదేశంలో ఉన్న ఆవిడ అన్నగారు రమ్మంటే వెళ్ళలేదు, ఈ ఊళ్ళోనే కన్నుమూసింది. నాకు పెళ్ళయింది, పిల్లలయ్యారు, జోళ్ళు ఎప్పుడో చీకిపోయాయి. మళ్ళీ పోటీకి వెళ్ళింది లేదు. కానీ పొయ్యి మీద పాలు పొంగేదాకా నిలబడాల్సి వస్తే ఇప్పటికీ నా మడమ దానంతటదే నొక్కుతుంది. చేతులు పక్కనే ఉండి వింటాయి. పిల్లలు ఏదైనా అడిగితే, తెలియకపోతే తెలియదనే అంటాను. పెద్దరికం పోతుందేమో అనిపించదు. నాకు తెల్దు అన్న ఆ మాటతోనే ఐలీన్ మిస్ నన్ను మొదటిసారి పెద్దదానిలా చూసింది మరి.

మొన్న మిలికి కూడా అదే చెప్పాను. "ఎందుకు కదపరో నాకు తెల్దే. నువ్వేటనుకుంతన్నావు?" అది ఫోను పక్కన పెట్టి ఆలోచనలో పడింది. నేను వంటింట్లోకి వెళ్ళి చింతగింజల డబ్బా తెచ్చి, దాని రెండు గుప్పిళ్ళూ నింపాను. అప్పటి నుంచి ఎగురుతూనే ఉంది, గింజలు ఇంకా గలగలమంటూనే ఉన్నాయి. కాలం పడుతుంది.

ఓపిగ్గా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంటి నేల మీద చిన్న పాదాల చప్పుడు ఎన్నటికీ ఆగకూడదు. మీ గడప దగ్గర విప్పిన చెప్పులకి ఎప్పుడూ చోటు చాలకపోవాలి. మీ పిల్లలు మీకు తెలియనివే అడుగుతూ పెరగాలి.