కాకటూ నిద్రపోతుండగా విన్న గొంతు

నా మంగళసూత్రం మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నవ్వుకుంటే నవ్వుకోండి.

అప్పుడు మేం అమెరికాలో, ప్లేనో అనే ఊళ్లో ఉన్నాం. మా ఆయన వంశీ ఒక కాకటూని తెచ్చాడు. ఆస్ట్రేలియా చిలుక అది. ఒళ్లంతా తెలుపు, నెత్తిన పసుపుపచ్చ కుచ్చు. ఊరు మారిపోతున్న ఒక అమెరికన్ ముసలావిడ ఇచ్చేసిందట. దానికి రాణి అని పేరు పెట్టాడు. నన్ను ఏనాడూ అలా పిలిచిన పాపాన పోలేదు. అది అతని భుజమెక్కి చెవిలో గుసగుసలాడేది. నేను దగ్గరికి వెళ్తే వేలు కొరికేది.

"జస్ట్ బర్డ్ సుధా అది. దానికి నేను అలవాటయ్యాను, నువ్వూ ట్రై చెయ్యి," అనేవాడు.

నాకు ఒళ్లు మండిపోయేది. సవతి మనిషైతే జుట్టు పట్టుకోవచ్చు. పిట్టతో ఏం పోట్లాడతాం?

ఆ చలికాలం మంచు తుఫానుకి కరెంటు పోయింది. వంశీ ఆఫీసులోనే ఇరుక్కుపోయాడు. హీటర్ ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం... బయట ఐసు బరువుకి కొమ్మలు పటుక్కున విరుగుతున్నాయి.

అప్పుడు హాల్లో పంజరం వైపు నుంచి వినపడింది.

"ఏవండీ... పడుకున్నారా?"

ఆడగొంతు. తెలుగు గొంతు. మెత్తగా... పక్కన పడుకున్న మొగుణ్ణి అడిగినట్టు.

నేను వంశీని పేరు పెట్టే పిలుస్తాను. కాలేజీ నుంచీ అలవాటు. ఏవండీ అన్న పిలుపే మా ఇంట్లో లేదు. ఆ ముసలావిడకి తెలుగు రాదు. మరి ఈ పిట్టకి ఎవరు నేర్పారు?

భయం కన్నా ముందు మంట పుట్టింది. ఎవరది... నా ఇంట్లో నా మొగుణ్ణి అంత ముద్దుగా పిలిచేది?

సెల్‌ఫోన్ వెలుగులో హాల్లోకి వెళ్లాను. రాత్రిళ్లు పంజరం మీద దుప్పటి కప్పుతాం. మెల్లగా ఎత్తాను. రాణి నిద్రపోతోంది. తల వెనక్కి తిప్పి... ముక్కు వీపు ఈకల్లో దాచుకుని...

దాన్నే చూస్తున్నాను. ఒక్క ఈక కూడా కదల్లేదు.

"ఏవండీ..."

ఈసారి మా పడగ్గదిలోంచి.

తెల్లారేదాకా పంజరం పట్టుకునే కూర్చున్నాను. నన్ను కొరికే పిట్టే ఆ రాత్రి నాకు దిక్కయింది.

పొద్దున వంశీ వచ్చాడు. జరిగింది చెప్పలేదు. అతను పంజరంలో గింజలు పోస్తుంటే వెనక నిలబడి మెత్తగా అన్నాను.

"ఏవండీ..."

"ఆఁ... చెప్పు," అన్నాడు, తిరిగి చూడకుండానే. తర్వాత అతని చెయ్యి ఆగిపోయింది.

నేనేమీ అడగలేదు. ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. దయ్యానిదే అయి ఉండాలని మాత్రం రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.