పుస్తెలకొచ్చిన జబ్బు

మా రాయచూరు స్కానింగ్ సెంటర్లోకి కంప్యూటర్ డాక్టర్ దిగాడని నాకు మొదట తెలిసింది నా మోకాలి పుణ్యాన. నొప్పి అని వెళ్తే ఎక్స్‌రే తీసి, కూర్చున్న కుర్చీ వేడెక్కకముందే రిపోర్టు చేతిలో పెట్టారు. నా గుండె సైజు సరిగ్గా ఉందనీ, ఊపిరితిత్తుల్లో నీరు లేదనీ అందులో రాసుంది. మోకాలి ఊసే లేదు.

"మోకాల్ల గుండెను ఎవరు వెతకమన్నరయ్యా నిన్ను?" అని అడిగాను.

సెంటర్ నడిపే ఆయన ఇంత కూడా సిగ్గుపడలేదు. ఛాతీ ఫోటోలు చూడడానికి ఒక ఏఐ మోడల్, ఎముకలకు ఒకటి, తల స్కాన్‌కు ఒకటి, కంటి ఫోటోలకు ఇంకొకటి ఉంటాయట. నా మోకాలు పొరపాటున ఛాతీ చూసేదాని దగ్గరికి పోయిందట. "అయినా మేడం, నార్మల్ అనే వచ్చింది గద," అన్నాడు. అలాంటి మనిషితో ఏం వాదిస్తాం! రెండు చేతులెత్తి దండం పెట్టి వచ్చేశాను.

కొన్నాళ్ళకు మా చిన్నమ్మను తీసుకుని మళ్ళీ ఆ గడపే తొక్కాల్సి వచ్చింది. ఆమెకు దగ్గు పట్టుకుని వదలడం లేదు. మా చిన్నాయన థర్మల్ ప్లాంట్‌లో బొగ్గు బూడిద మధ్య పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గు ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండేదే కాబట్టి, చిన్నమ్మ దగ్గుతుంటే "మొగుని దగ్గు అంటుకున్నది" అని అందరం ఎకసెక్కాలాడాం. ఆమె చీరలు వదులై, రవికలు జారడం మొదలైనాక గానీ మాకు భయం పుట్టలేదు.

ఎక్స్‌రే గదిలో మెడలోవి తీసెయ్యమన్నాడు సెంటర్ ఆయన. చిన్నమ్మ ఇంతెత్తున లేచింది.

"ఆయన బతికుండంగ పుస్తెలు తీయాల్నా? నీ నోట్ల మన్నువడ!"

ఆయనకు ఇది రోజూ ఉండే తంతే కాబోలు. "హిందె హాకొళ్ళ్రీ అమ్మా," అన్నాడు కన్నడంలో, వీపు వైపు వేసుకోమని. ఎక్స్‌రే వీపు దాకా వచ్చి, ఇక్కడ ఆడవాళ్ళ నగలున్నాయని మర్యాదగా పక్కకు తప్పుకుంటుందన్నట్టు! చిన్నమ్మ పసుపుతాడును వెనక్కి తిప్పుకుంది. దానికున్నవి రెండు పుస్తెలు, అంతే. ఊపిరి బిగబట్టి నిలబడింది.

కంప్యూటర్ డాక్టర్ ఇచ్చిన బొమ్మలో ఊపిరితిత్తుల మీద మూడు ఎర్రటి సున్నాలు చుట్టి ఉన్నాయి. కింద, గడ్డలు అయ్యుండొచ్చు, వెంటనే పెద్ద డాక్టర్‌కు చూపించండి అని రాసుంది. గడ్డలు అన్న మాటను రెండుసార్లు చదివాను. సెంటర్ ఆయన మాత్రం, "చూసిన్రా మేడం, ఎట్ల పట్టుకున్నదో!" అని మురిసిపోయాడు. వాణ్ణి అక్కడే చెప్పుతో కొట్టాలనిపించింది.

ఇంట్లో చిన్నాయన కంచం ముందు కూర్చుని ఏడ్చాడు. "నాకు రొట్టె ఎవరు చేసి పెడ్తరే?" అన్నాడు. ఏడుపులో కూడా ఆయన సంగతే ఆయనది. చిన్నమ్మ పెనం మీది జొన్నరొట్టె తిరగేసి, దగ్గు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. చావడం ఆమెకు ఇష్టం లేదని అప్పుడు ఆ కళ్ళలో చూశాను.

మర్నాడు ముగ్గురం ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయనది జవళగేర వైపు, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి చేసుకుంటూ స్థిరపడ్డ కుటుంబం. ఫిల్మును కిటికీ వెలుగులో ఎత్తి చూశాడో లేదో, పగలబడి నవ్వాడు.

"ఓరి నాయనో! ఇవి గడ్డలు కాదండీ, మీ పిన్నిగారి పుస్తెలు! ఇదుగో, బంగారం ఎంత తెల్లగా పడిందో చూడండి."

చిన్నాయన ముందు నవ్వాడు, తర్వాత నేను. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక ఆ మోడల్‌ను నేను వదల్లేదు. లక్షల ఛాతీలు చూసి నేర్చుకుందట మహాతల్లి. ఏ దేశపు ఛాతీలో గానీ, వాటిలో ఒక్కామెకూ పుస్తెలు కట్టే మొగుడు దొరకనట్టుంది! డాక్టర్ కళ్ళు తుడుచుకుంటూ, "రేపు ముక్కుపుడకకి ఆపరేషన్ చెయ్యమంటుందండీ," అన్నాడు. మళ్ళీ నవ్వాం. ఆయన దగ్గు మందు రాయడం మొదలుపెట్టాడు.

చిన్నమ్మ ఒక్కతే నవ్వలేదు. ఫిల్ము పక్కనున్న రిపోర్టు తీసుకుని, ఎర్ర సున్నాల మీద వేలు పెట్టి చూసింది.

"సార్, నా పుస్తెలు రెండే గద. ఈ మూడోది ఏంది?"

డాక్టర్ కలం ఆగింది. కళ్ళజోడు పెట్టుకుని ఫిల్మును మళ్ళీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈసారి చాలాసేపు చూశాడు. కుడి వైపు, పుస్తె పక్కనే, దాని తెలుపు వెనక సగం దాక్కుని, మసకగా ఏదో ఉంది. ఇందాక మా నవ్వులో అది ఎవరి కంటికీ ఆనలేదు.

"ఇప్పుడే ఏమీ చెప్పలేనమ్మా," అన్నాడు. "పుస్తెలు అడ్డం లేకుండా మళ్ళీ తీయించాలి. సీటీ స్కాన్ కూడా. ఆలస్యం చెయ్యొద్దు."

చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "ఇయ్యాల మంగళారం. పుస్తెలు తీసేందుకు మంచి దినం గాదు. గుడి అయ్యగారిని అడిగి, శుక్కురారం పోయినంక చూద్దాం తీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయాను గానీ చిన్నమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. మొగుడి ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ మెడ వెనక్కి పోనిచ్చి, పసుపుతాడు తల మీదుగా తీసి, ఆయన ఒళ్ళో పెట్టింది.

"పట్టుకో. నీకేం గాదు," అంది. "జర నన్ను గూడ బతకనియ్యి."