కొలిచేటోళ్ల ఆదివారాలు

నేను జనగామల ఒక జూనియర్ కాలేజీల జువాలజీ చెప్త. కొన్నేండ్ల కింద, బచ్చన్నపేట దిక్కు రైతులతోని బాయిల నీళ్లు కొలిపిచ్చే పని మొదలువెట్టిన. ఎవల బాయిల వాళ్లే టేపు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నయో నెలకోసారి నాకు ఫోన్ల చెప్పాలె. శాస్త్రవేత్తలు కాని మామూలు జనం కలిసి చేసే ఇసొంటి పనిని సిటిజన్ సైన్స్ అంటరని నాకు తర్వాత తెలిసింది. ఆ పని నడిపిచ్చుడు ఎట్లనో మాత్రం ఎవలూ నేర్పలే. మంచిగ కొలిచే రైతు ఉన్నట్టుండి బందువెడితే ఏమనాలె? ఒకాయన బాయి దగ్గరికి పోకుండనే నోటికొచ్చిన అంకె చెప్తున్నడని అనుమానమొస్తే, మనసు నొవ్వకుండ ఎట్ల అడగాలె? కాలేజీల ఈ ముచ్చట తీస్తే, "నీకెందుకమ్మా ఈ పరేషాన్" అనేటోళ్లు.

మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటం. అక్కడ ఒక శిక్షణకు పోయినప్పుడు నా అసొంటోళ్లు ఇద్దరు కలిసిండ్రు. ఒకామె కొత్తగూడ దగ్గరి తండాల ఉండే అక్క. అడవికి పోయే ఆడోళ్లను జమచేసి, ఇప్పచెట్లు ఏ ఏడు ఎప్పుడు పూస్తున్నయో చూపిచ్చేది. ఇంకొకాయన భూపాలపల్లి అన్న, కరెంటు పని చేస్తడు. లారీలు తిరిగే రోడ్డు పక్కపొంటి ఇండ్లమీద తెల్లబట్టలు కట్టిపిచ్చి, దుమ్ము ఎంత పడుతుందో ఆ వాడోళ్లతోనే చూపిచ్చేటోడు. అన్నం తినేకాడ ముగ్గురం ఒక్క తీరు బాధలే చెప్పుకున్నం.

"మనకు నేర్పేటోళ్లు లేరు. ఒకలకొకలం నేర్పుకుందాం," అని నేనే చెప్పిన.

నెలకో ఆదివారం మానుకోటల కూసుందామనుకున్నం. స్టేషన్ దగ్గరి ఒక ట్యూషన్ సెంటర్ ఆయన తాళంచెవి ఇచ్చిండు. నేను రైలుకు పోయేదాన్ని, అక్క బస్సుకు వచ్చేది. అన్న ఊరు అందరికంటె దూరం, వరంగల్ మీదికెళ్లి బండ్లు మారి చెమటలు కక్కుకుంట వచ్చేటోడు.

మొదట్ల మంచిగ నడిచింది. ఒకే బట్టను ఇద్దరితోని వేరువేరుగ చూపిచ్చి, వాళ్ల మాట కలువకపోతే మూడో మనిషిని పిలువాలని అన్న చెప్పిండు. నేను బాయిల కాడ గట్లనే చేసిన. నా రైతులతోని నేను ఫోన్ల మాట్లాడుతుంటె అక్క ఒకసారి విని నవ్వింది.

"గదేంది చెల్లె, పరీక్ష వెట్టినట్టు అడుగుతున్నవు? మావోళ్లు తెలుగుల అడిగితే ఊ అని ఊకుంటరు. మా లంబాడి మాటల, పని చేసుకుంట అడిగితే అన్నీ చెప్తరు."

ఇంకా నలుగురిని కలుపుకుందామని మూడు జిల్లాలల్ల పిట్టలను లెక్కవెట్టే సార్లను, వాన కొలిచే డిగ్రీ పిల్లలను పిలిచినం. ఆ ఆదివారం బెంచీలు చాలలే. అన్న చాయ్ తెచ్చుటానికి ఉరికిండు. నేను మాట్లాడుడు కాంగనే వెనుకకెళ్లి ఒకాయన లేచిండు.

"సర్టిఫికెట్ ఎప్పుడిస్తరు మేడం?"

"సర్టిఫికెట్ లేదు సార్. మనం మనమే నేర్చుకునుడు."

పై నెల మళ్ల మేము ముగ్గురమే మిగిలినం. వాట్సాప్ గ్రూపుల మాత్రం అందరున్నరు. పొద్దుగాల పువ్వుల బొమ్మలు, పొద్దుగూకినంక ప్లాట్ల ప్రకటనలు.

ఆ ఎండకాలం నా రైతులల్ల పెద్దాయనకు ఆయన బాయి లెక్కను గీత గీసి చూపిచ్చిన. గీత కిందికే దిగుకుంట పోయింది. ఆయన గీత మీద వేలు వెట్టి కిందిదాక జరిపిండు.

"నీళ్లు తగ్గుతున్నయని నాకు మోటరే చెప్తది బిడ్డా. కొలిచినంక ఏమన్న పెరిగినయా?"

ఆయన కోపంగ అనలేదు. నిజంగనే అడిగిండు. ఆ మాటను నేను మానుకోటకు తీసుకపోయిన. అన్న తల వంచుకున్నడు. "మా అమ్మ దగ్గు వింటె బట్ట చూసే పని లేదు చెల్లె," అన్నడు. మా లెక్కలన్నీ పట్టుకొని ఒక సర్కారు ఆఫీసుకు పోదామనుకున్నం, పోయినం. అక్కడి సారు కూసోమన్నడు, చాయ్ తాపిచ్చిండు. "మంచి పని చేస్తున్నరు, గిట్లనే చెయ్యిండ్రి," అన్నడు. బయట మెట్లు దిగుకుంట ముగ్గురం ఒకల మొకం ఒకలం చూసుకోలే.

తర్వాత అన్న రాలే. ఫోన్ చేస్తే, "వాడల ఇండ్లమీది తెల్లబట్టలు విప్పేసిండ్రు. మళ్ల కట్టుమని ఏ మొకం పెట్టుకొని అడగాలె?" అన్నడు.

ఆఖరు ఆదివారం అక్క, నేనే ఉన్నం. ఆమె బెంచీ మీద సంచి వెట్టుకొని కూసున్నది.

"చెల్లె, తండా మొత్తం దూరం ఊళ్లకు మిరపకాయ ఏరవోతున్నది. నేను గూడ పోతున్న."

"ఇప్ప పూసే రోజులు గదా అక్క?"

"అవును. మిరప గూడ గప్పుడే పండుతది."

ఆమె తెచ్చిన జొన్నరొట్టె ఇద్దరం తిన్నం. తాళంచెవి ట్యూషన్ సెంటర్ ఆయనకిచ్చి, ఆమెను బస్సెక్కిచ్చిన.

నెల దాటినంక మిరప చేనుకెళ్లి ఫోన్ చేసింది. వెనుక ఆడోళ్ల మాటలు వినవడుతున్నయ్.

"ఇప్ప పూసి రాలిపోయిందంట చెల్లె. ఎప్పుడు పూసిందో ఎవలకు తెల్వదు. ఉన్న ముసలోళ్లు చూడలే."

"సరే అక్క," అని నేనన్న.

"మీ దిక్కు నీళ్లెట్లున్నయ్?"

"రైతులు కొలుచుడు బందువెట్టిండ్రు, నా ఒక్కదానికి తిరుగుడైతలేదు. చూసిన బాయిలల్ల బురదే ఉన్నది."

ఆమె ఏదో అనబోయింది. అంతల మేస్త్రి పిలిచినట్టున్నడు, "పోతున్న" అని ఫోన్ వెట్టేసింది.