దీపం వేడికి ఎక్కిన శ్రుతి

రాజాంలో బియ్యం వర్తకులు వేసిన శ్రీరామనవమి పందిరి. ఆరో రోజు కథ. సాయంత్రం ఐదు దాటింది కానీ ఎండ ఇంకా తాటాకుల సందుల్లోంచి మనుషుల మీద పడుతూనే ఉంది. కథలో పెళ్ళివారు తరలివస్తున్నారు. హరికథ చెబుతున్నావిడ చిడతలు పైకెత్తి, పై షడ్జమం అందుకోబోయింది. గొంతు చీలింది. ఆగిపోయింది.

ముందు వరసలో కూర్చున్న వర్తకుడొకాయన కంగారుపడ్డాడు. "ఏటమ్మా, నీళ్ళు కావాలేటి?"

"నీళ్ళొద్దు బాబూ. ఇందాకట్నుంచీ నా కాళ్ళకింద నేల పైకి లేస్తన్నాది" అందావిడ.

పక్కనున్న వయొలిన్ వాద్యకారుడు అప్పుడు బయటపడ్డాడు. "నా తీగలు జారిపోతన్నాయనుకుని నేను బిగిస్తన్నాను. ఇంకొక్క మెలి తిప్పితే తెగిపోతాది." మృదంగం వాయించే ఆయన చేతిలో రాయి అప్పటికే ఉంది. ఆయనా తన వాద్యాన్నే అనుమానించి, సందు దొరికినప్పుడల్లా కొట్టి శ్రుతి పెంచుకుంటూ వచ్చాడు.

ముగ్గురూ ఒకేసారి దేవుడి పటం పక్కన శ్రుతి పలుకుతున్న చెక్కపెట్టె వైపు చూశారు. తర్వాత ఆవిడ నా వైపు చూసింది. ఆ పెట్టె తయారుచేసిన ఇద్దరిలో నేనొకణ్ణి. చాప మీద మూడో వరసలో కూర్చున్నాను.

అంతలో పందిరి చివర, రాట పక్కన కుర్చీలోంచి కథ చెప్పే ఆవిడ అన్నగారు అరిచాడు. "ఒసే! ముందా దీపం తియ్యే! పెట్టికి జొరవొచ్చినాది!"

ఆ పెట్టె సంగతి చెప్పాలంటే ఆ యేడు చలికాలం నుంచి మొదలుపెట్టాలి. అరవైల దశకం ముగుస్తున్న రోజులు. నేను ఒక దినపత్రికకు రాజాం నుంచి వార్తలు పంపేవాణ్ణి. ధాన్యం ధరలు, కాలవ తగాదాలు, బస్సు ప్రమాదాలు రాసి, కవర్లో పెట్టి విజయనగరం వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. నా గదికి ముందువైపు రేడియో రిపేరు షాపు. అది నడిపే మిత్రుడు మిలటరీలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి వచ్చినవాడు. నన్ను బావా అని పిలిచేవాడు. మా మధ్య చుట్టరికమేమీ లేదు. కవరు బస్సెక్కించాక నాకు పనుండేది కాదు. అతని బల్ల దగ్గర కూర్చుని టంకం వేయడం నేర్చుకున్నాను. చెయ్యి కాల్చుకోకుండా తీగను తీగకు అతికించడం నాకు చేతనైన ఏకైక చేతిపని. అది నేర్పినందుకు ఆ మనిషికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. రాసే పనిలో కూడా నాకది పనికొచ్చింది. అతుకు సరిగ్గా పడకపోతే ఎంత అందంగా కనిపించినా లోపల పలకదు.

విశాఖపట్నంలో పాత పుస్తకాల దుకాణంలో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. ట్రాన్సిస్టర్లతో స్వరాలు పలికించే బొమ్మ ఆర్గన్ ఎలా చేయాలో అందులో పటం వేసి ఉంది. మిత్రుడు దాన్ని చూసి, "ఇది ఆటబొమ్మ బావా. ఒక్క స్వరం పట్టుకుని ఆపకుండా పలికితే ఎవడిక్కావాలి?" అన్నాడు.

ఎవరికి కావాలో నాకు తెలుసు.

మా ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉండేది ఆ హరికథ చెప్పే ఆవిడ. నలభై అయిదేళ్ళుంటాయి. పాతపట్నం నుంచి భోగాపురం దాకా ఆవిడ కథ చెప్పని ఊరు తక్కువ. ఆవిడ వెనక కూర్చుని శ్రుతిపెట్టె తిత్తి ఆడించేవాడు ఆవిడ అన్నగారు. పాతికేళ్ళుగా ఆయన చెయ్యి ఆగలేదు, ఆవిడ కాలు ఆగలేదు. ఆ యేడు కోతల సమయంలో ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆవిడ ఇంకో ఇద్దర్ని పెట్టి చూసింది. ఒకతను కథ మధ్యలో నిద్రపోయాడు. రెండో అతను తన ఊపిరికి తగ్గట్టు తిత్తి ఆడించేవాడు. శ్రుతి లేచి పడుతుంటే ఆవిడకు పాదం పడేది కాదు. నవమికి రాజాం పందిట్లో తొమ్మిది రోజుల కథ ఏటా ఆవిడదే. ఈసారి చెప్పలేకపోతే కమిటీవాళ్ళు వేరే మేళాన్ని పిలుస్తారు. ఒకసారి చెయ్యి మారిన పందిరి మళ్ళీ రాదని ఆవిడకు తెలుసు. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు ఏడవలేదు. "పందిరి పోతే పోనీ బాబూ, కాని గజ్జెలు విప్పీసి నేనేటి సెయ్యాలి?" అని మాత్రం అడిగింది.

మూడు నెలలు పట్టింది. పాడైపోయిన రేడియోల్లోంచి ట్రాన్సిస్టర్లు తీశాం. చిన్న గాజు గొట్టం మీద నల్ల రంగు పూసినట్టుండేవి. రెండేసి చొప్పున జతకట్టి, ఒక జత షడ్జమానికి, ఒక జత పంచమానికి. రెండూ కలిసి పైకీ కిందికీ జరగడానికి ఒకే మర. నాలుగు టార్చిలైటు బ్యాటరీలు, ఒక చిన్న స్పీకరు. మొదటిసారి మోగినప్పుడు అది వినిపించడానికి ఆవిణ్ణి షాపుకు పిలిచాం. ఆవిడ కాసేపు విని, "ఏటి బాబూ ఇది, ఈగ సీసాలో పడ్డట్టున్నాది" అంది.

మిత్రుడు చిన్నబుచ్చుకున్నాడు. కానీ ఆవిడ వెళ్ళిపోలేదు. బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, "ఇంకొంచెం మెత్తగా... కాదు, అది మరీ ముసుగేసినట్టున్నాది... ఆఁ, అక్కడుండు" అంటూ చెబుతుంటే మేము కండెన్సర్లు మార్చి మార్చి అతికించాం. అలా ఎన్ని రోజులు వచ్చిందో లెక్కలేదు. పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళు షాపు ముందు ఆగి, "ఏటమ్మా, రేడియోకి సంగీతం నేర్పతన్నావా?" అని నవ్వేవారు. "నేర్పితే తప్పేటే? మీ ఆయనకంటే బాగా సెప్పినమాట ఇంటన్నాది" అనేది ఆవిడ.

పనసచెక్కతో పెట్టె చేయించి, వాళ్ళింటికి తీసుకెళ్ళి మంచం మీదున్న అన్నగారికి చూపించాం. ఆయన తల తిప్పకుండా విన్నాడు. "బాగున్నాది. దానికి కూడు పెట్టక్కర్నేదు, సుట్ట ఇవ్వక్కర్నేదు" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మాకు అప్పుడు అర్థమైనదేమిటంటే పెట్టె ఆయనకు నచ్చలేదని. అంతకు మించి ఆలోచించే వయసు కాదు మాది.

ఇక పందిట్లో ఏం జరిగిందో ఇప్పుడు చెప్పవచ్చు. మేము ఆ పెట్టెను పరీక్షించిందంతా షాపులో, పొద్దుటిపూట, నీడలో. ఆవిడ మాత్రం దాన్ని శ్రుతిపెట్టెను చూసుకున్నట్టే చూసుకుంది. మొదటి అయిదు రోజులూ బొట్టు పెట్టి, పూలు వేసి పక్కన ఉంచింది. ఆరో రోజు కల్యాణ ఘట్టం. పెళ్ళి కథ రోజున వాద్యానికి పట్టుబట్ట కప్పి, దానిముందు దీపం పెట్టి, ఆ దీపం కొండెక్కకుండా చూడటం వాళ్ళ ఇంటి ఆచారం. పాత తిత్తిపెట్టెకు దానివల్ల ఏమీ అయ్యేది కాదు. ఆవిడ ఆ రోజు జరీ బట్టను పెట్టె వెనక గాలి కోసం మేము పెట్టిన చిల్లులన్నీ మూసుకుపోయేలా చుట్టి, జానెడు దూరంలో ఇత్తడి కుందిలో రెండు వత్తుల దీపం పెట్టింది. నేను చూశాను. ముచ్చటగా ఉందనుకున్నాను. వేడెక్కితే ఆ నల్ల ట్రాన్సిస్టర్ల స్వభావం మారుతుందని నా మిత్రుడికి తెలుసు. అతనూ చూశాడు. అతను కూడా అయిదు రోజులు సవ్యంగా గడిచిన సంతోషంలో ఉన్నాడు.

పెట్టె శ్రుతి కొంచెం కొంచెంగా పైకి జరిగింది. అయిదు శ్రుతిలో మొదలైన కథ ఆరుకు దగ్గరైంది. శ్రుతి తప్పు చెబుతుందని ఆ ముగ్గురికీ తోచలేదు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళు శ్రుతికి లొంగి ఉండటమే నేర్చుకున్నారు. అందుకే ఎవరికి వారు తప్పు తమదేననుకుని సర్దుకున్నారు. చెవి సరిగా లేనివాళ్ళయితే ఆ పెట్టెను పట్టించుకోకుండా కథ ముగించేసేవారు.

అన్నగారు అరిచాక దీపం తీశారు, బట్ట విప్పారు. అయినా వేడి వెంటనే దిగదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. కమిటీ పెద్దాయన వాచీ చూసుకున్నాడు. అప్పుడు అన్నగారు, "నన్నక్కడికి మొయ్యండ్రా" అన్నాడు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తి వేదిక మీద దించారు. ఆయన కుర్చీలో కూర్చోలేదు. కిందికి దింపమని, పడిపోయిన కాలు చేత్తో సర్దుకుని పెట్టె పక్కన కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మర మీద పెట్టాడు.

"నీ గొంతుతో ఒకసారి ఆధారం అనే" అన్నాడు చెల్లెలితో.

ఆవిడ సన్నగా షడ్జమం అంది. ఆయన మర వెనక్కి తిప్పాడు. స్వరం దిగి, దిగి, ఆవిడ గొంతులో కలిసిపోయింది. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలైందో నాకు తెలియలేదు. వయొలిన్ ఆయన తీగలు వదులు చేసుకున్నాడు. మృదంగం ఆయన శ్రుతి దింపడానికి కింద నుంచి కొట్టుకున్నాడు.

"నీకెలా తెలిసిందన్నా?" అని ఆవిడ జనం వినేలాగే అడిగింది.

"మద్దెల ఎండకి ఎక్కదేటి? ఇదీ అంతే. అరగంటనుండి సూస్తన్నాను, మీరెవులైనా కనుక్కుంటారేమోనని. పెళ్ళోళ్ళు ఎదర నిలబడీసున్నారు, మరి పాడు."

పందిరంతా నవ్వింది. ఆవిడ ఆగిన మాట దగ్గరే మళ్ళీ ఎత్తుకుంది. పెట్టె చల్లారుతున్నకొద్దీ స్వరం ఈసారి కిందికి జారుతుంటుంది కదా. ఆయన ఎడమ చెయ్యి మర మీదనుంచి తీయలేదు. వెంట్రుకవాసి జరిపేవాడు, ఆగేవాడు, మళ్ళీ జరిపేవాడు. పై షడ్జమం ఆవిడ ఆ రోజు నిలబెట్టినంతసేపు అంతకుముందు నిలబెట్టగా నేను వినలేదు. మిగిలిన మూడు రోజులూ ఆయన అక్కడే కూర్చున్నాడు. మర్నాటికి కమిటీవాళ్ళే ఆయన కోసం పరుపు వేయించారు. పందిరి ఆవిడదగ్గరే ఉండిపోయింది.

ఆ రోజు మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. వయొలిన్ ఆయన మాత్రం కాఫీ తాగుతూ, "మీ పెట్టి మంచిదే బాబూ, కాని దానికి నాలాగే కోపం తొందరగా వస్తాది" అన్నాడు. నేను తరువాతి ఉద్యోగ జీవితంలో చాలా తప్పులు చేశాను. అచ్చయిన తప్పులు, పేరుతో సహా. అంత దయగా ఏ తప్పునూ ఎవరూ సర్దలేదు.

ఆ నవమి తర్వాత కొన్నాళ్ళకు మిత్రుడు విశాఖ నుంచి కొత్తరకం ట్రాన్సిస్టర్లు తెచ్చాడు. చిన్న రేకు టోపీ పెట్టుకున్నట్టుండేవి. "బావా, ఇవి ఏస్తే ఇంక దీపానికీ ఎండకీ కదలదు. మర మీద ఎవరి చెయ్యీ అక్కర్లేదు" అన్నాడు. పొట్లం బల్ల మీద పెట్టాడు. అప్పటికి ఆ అన్నాచెల్లెళ్ళు మళ్ళీ ఊళ్ళు తిరుగుతున్నారు. ఎచ్చెర్ల వైపు ఒక ఊళ్ళో ఆయన్ని ఎడ్లబండి మీద వేదిక దాకా తీసుకెళ్ళారని విన్నాం. సొరుగు లాగి మిత్రుడు పొట్లం అందులో పెట్టాడు.

ఒకసారి బ్యాటరీలు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడే అడిగింది. "ఈ ఎక్కడం దిగడం మానిపించడానికి దారి నేదేటి బాబూ?"

"ఇప్పటికి లేదమ్మా" అన్నాను.

విలేకరిగా నేను తెలిసి చెప్పిన అబద్ధాల్లో అది మొదటిది. ఆవిడ తల ఊపి, "అయితే మా అన్నకి సెప్తాను" అని వెళ్ళిపోయింది.

ఇంకో నవమి కూడా ఆయన ఆ మర మీద చెయ్యి పెట్టి నడిపించాడు. ఆ వానాకాలంలో పోయాడు. పెద్దకర్మ అయిన వారానికి ఆవిడ పెట్టెను చంకనెత్తుకుని షాపుకు వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. మిత్రుడు మంచినీళ్ళిచ్చాడు. తాగి గ్లాసు పక్కన పెట్టి, "ఆ కొత్తవేటో తెచ్చుంచారు కదా, ఇంక ఏసియ్యండి" అంది.

సొరుగులోంచి పొట్లం తీసి, ఆ పూటే పాతవి విప్పి కొత్తవి అతికించాం. నాలుగు పాత నల్ల ట్రాన్సిస్టర్లను ఆవిడ కొంగున ముడేసుకుంది.

తాను చెప్పలేదని మిత్రుడు ఒట్టేశాడు. నేను ఎవరికీ చెప్పలేదు. కొత్తవి సొరుగులో ఉన్న సంగతి ఆవిడకు ఎప్పటినుంచి తెలుసో, ఆయనకు కూడా తెలిసే ఆ మర దగ్గర కూర్చున్నాడో, ఆవిడ చెప్పలేదు.